ఈఏపీసెట్టా, జేఈఈనా, నీటా? పోయిన ప్రశ్నల్ని చూసి తేల్చుకునే పద్ధతి

ఇంటర్ సెకండియర్ మొదలయ్యేసరికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్లలో ఇదే చర్చ. పక్కింటివాళ్లు జేఈఈ అంటారు, మేనమామ నీట్ అంటాడు, కాలేజీలో అన్నీ రాసేయమంటారు. "మా గుంటడికి లెక్కలంటే పేణమండీ, జేఈఈ కొట్టేస్తాడు" అనే తండ్రి మాటలో ప్రేమ ఉంది. కానీ లెక్కలంటే ఇష్టమున్న ప్రతి పిల్లాడికీ జేఈఈ నప్పదు. అదే పిల్లాడికి ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు రావచ్చు. రెండింట్లోనూ ఉన్నవి అవే మూడు సబ్జెక్టులు. అడిగే తీరు వేరు, మార్కులు వేసే తీరు వేరు, ఇచ్చే టైమ్ వేరు.

ఏ పరీక్ష నప్పుతుందో ఇంటర్ మార్కుల మెమో చూసి చెప్పలేం. మూడు గంటలు కూర్చుని రాసిన పాత పేపర్లో ఏ ప్రశ్నలు పోయాయో, ఎందుకు పోయాయో చూస్తే చెప్పగలం. దాన్ని ఇంట్లోనే, పెద్దగా ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. విద్యార్థి సొంతంగా చేసుకున్నా సరే, అమ్మో నాన్నో పక్కన కూర్చుని చేయించినా సరే.

ముందుగా, మీకు తెరిచి ఉన్న దారులేవో చూసుకోండి

ఎంపీసీ వాళ్లకు ఈఏపీసెట్ ఇంజినీరింగ్, జేఈఈ మెయిన్. బైపీసీ వాళ్లకు నీట్, ఈఏపీసెట్ అగ్రికల్చర్-ఫార్మసీ. ఇది అందరికీ తెలిసిందే. చాలామంది వదిలేసేవి రెండు నిబంధనలు. మొదటిది, జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఎన్‌ఐటీల్లో చేరాలంటే ఇంటర్‌లో 75 శాతం మార్కులు ఉండాలి, లేదా మీ బోర్డులో పాసైనవాళ్లలో పైనున్న 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 65 శాతం చాలు. రెండోది నీట్‌కు వయసు. చేరే ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. చిన్నప్పుడు ఒక క్లాసు దాటించి చేర్పించిన పిల్లలు మన ఊళ్లలో ఉన్నారు కాబట్టి ఆధార్‌లో, టెన్త్ మెమోలో పుట్టిన తేదీ ఒకసారి సరిచూసుకోండి.

ఇచ్ఛాపురం, పాతపట్నం, మెళియాపుట్టి వైపు వాళ్లకు ఇంకో మాట. పిల్లలు బరంపురంలోనో పర్లాకిమిడిలోనో చదివి ఉంటే ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో లోకల్ నిబంధన ముందే చదువుకోవాలి. మన రెండు జిల్లాలూ ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతంలోకి వస్తాయి, 85 శాతం సీట్లు ఆ ప్రాంతం లోకల్ అభ్యర్థులకే. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఇక్కడ చదివారా లేదా అన్నది అక్కడ ముఖ్యం. ఒడిశాలో చదివినవాళ్లకు తల్లిదండ్రుల నివాసాన్ని బట్టి దారి ఉంటుంది గానీ, దానికి కావలసిన సర్టిఫికెట్లు ఎంఆర్వో ఆఫీసు నుంచి వచ్చేసరికి రోజులు పడతాయి. ఇప్పుడే కదిలితే అప్పుడు టెన్షన్ ఉండదు.

పేపర్ల కొలతలు ఒక కాగితం మీద రాసుకోండి

ఈఏపీసెట్ ఇంజినీరింగ్: 160 ప్రశ్నలు, 180 నిమిషాలు, ప్రశ్నకు ఒక మార్కు, మైనస్ మార్కులు లేవు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. అంటే సగం పేపరు లెక్కలే. ప్రశ్నకు దొరికేది 67 సెకన్లు.

జేఈఈ మెయిన్: 75 ప్రశ్నలు, అవే 180 నిమిషాలు. మూడు సబ్జెక్టులకూ తలా 25. అందులో 20 ఆప్షన్లు ఇచ్చేవి, 5 జవాబు అంకెల్లో మనమే రాయాల్సినవి. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. మొత్తం 300. ప్రశ్నకు దొరికేది రెండు నిమిషాల 24 సెకన్లు.

నీట్: 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. సరైనదానికి 4, తప్పుకు ఒకటి కోత. కాగితం మీద ఓఎంఆర్ షీట్‌తో జరుగుతూ వస్తోంది.

ఈఏపీసెట్ బైపీసీ: 160 ప్రశ్నల్లో బోటనీ 40, జువాలజీ 40, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. మైనస్ లేదు.

ఈ కొలతల్లోనే సగం జవాబు ఉంది. ఇద్దరు పిల్లల్ని తీసుకుందాం. ఒకరికి మ్యాథ్స్‌లో నూటికి 80, ఫిజిక్స్‌లో 50, కెమిస్ట్రీలో 40 వస్తున్నాయి. ఇంకొకరికి మ్యాథ్స్ 50, ఫిజిక్స్ 60, కెమిస్ట్రీ 80. ఈఏపీసెట్ లెక్కలో మొదటి పిల్లకు 64, 20, 16 కలిపి 160కి 100. రెండో పిల్లాడికి 40, 24, 32 కలిపి 96. మొదటి పిల్లే ముందుంది. అవే శాతాలను మూడు సబ్జెక్టులకూ సమానంగా మార్కులిచ్చే జేఈఈ లెక్కలో వేస్తే మొదటి పిల్లకు 300కి 170, రెండో పిల్లాడికి 190. వరుస తిరగబడింది. జేఈఈ పేపరు కష్టం కాబట్టి ఎవరికీ అవే శాతాలు రావన్నది నిజమే. అయినా సబ్జెక్టు బలం ఏ తూకంలో పడితే ఎంత పెరుగుతుందో, ఎంత తగ్గుతుందో ఈ చిన్న లెక్క చూపిస్తుంది. మీ సొంత శాతాలతో ఇదే లెక్క వేసుకోండి. పావుగంట పని.

రెండు ఆదివారాలు, రెండు పేపర్లు

ఇప్పుడు అసలు పని. ఎంపీసీ అయితే ఒక ఈఏపీసెట్ పాత పేపరు, ఒక జేఈఈ మెయిన్ పాత పేపరు. బైపీసీ అయితే ఒక నీట్, ఒక ఈఏపీసెట్. అన్నీ ఆయా పరీక్షల వెబ్‌సైట్లలో కీతో సహా ఉచితంగా దొరుకుతాయి. ఇంట్లో ప్రింటర్ లేకపోతే దగ్గర్లోని నెట్ సెంటర్‌లో ప్రింట్ తీయించుకోవచ్చు. సిలబస్ మొత్తం పూర్తి కాకపోయినా రాయండి. మీరు చదవని పాఠాల ప్రశ్నలను ముందే ఎవరిచేతైనా కొట్టేయించి, టైమ్‌ను ఆ మేరకు తగ్గించుకుంటే చాలు.

వేళను మాత్రం పాటించండి. జేఈఈ, ఈఏపీసెట్ పొద్దున్న, మధ్యాహ్నం రెండు పూటలా జరుగుతాయి. నీట్ మధ్యాహ్నం రెండింటికి మొదలవుతుంది, అదీ మే నెలలో. మే నెల మధ్యాహ్నం మన దగ్గర ఉక్క ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అన్నం తిన్నాక రెండింటికి కూర్చుని మూడు గంటలు తల ఎత్తకుండా 180 ప్రశ్నలు చేయగలరా లేదా అన్నది పొద్దున్న ఏడింటికి ట్యూషన్‌లో రాసిన టెస్టు చూసి తెలియదు. ఫోన్ వేరే గదిలో పెట్టండి. మధ్యలో లేవద్దు. ఎవరూ మంచినీళ్లు కూడా అడగొద్దు.

రాసేటప్పుడు ప్రతి ప్రశ్న పక్కన పెన్సిల్‌తో ఒక గుర్తు పెట్టుకోండి. ఖాయంగా తెలిసి పెట్టినదానికి టిక్కు, రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాడి పెట్టినదానికి చుక్క, ఏదో ఒకటి పెట్టేసినదానికి సున్నా. ఈ గుర్తులే తర్వాత పనికొస్తాయి. రఫ్ షీట్లు పారేయొద్దు.

పోయిన ప్రశ్నల్ని నాలుగు కుప్పలు చేయండి

పేపరు దిద్దుకున్నాక మొత్తం మార్కులు చూసి సంబరపడటమో దిగులుపడటమో అయ్యాక, తప్పయినవీ వదిలేసినవీ వేరే కాగితం మీదికి ఎక్కించండి. ప్రతిదాని పక్కనా ఎందుకు పోయిందో రాయండి. నాలుగే కారణాలుంటాయి.

ఒకటో కుప్ప, ఆ విషయం రానేరాదు. పాఠం చదవలేదు, ఫార్ములా గుర్తులేదు. ఈ కుప్ప చూసి పరీక్షను మార్చుకోకండి. ఇంకా నెలలున్నాయి, చదివితే కరుగుతుంది.

రెండో కుప్ప, విషయం తెలుసు, ఒక అడుగు వేశారు, అక్కడ ఆగిపోయారు. దీన్ని దగ్గరగా చూడాలి. ఒక రాయిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరితే ఎంత ఎత్తుకు వెళుతుంది? గురుత్వ త్వరణం 10 అనుకుంటే 400ను 20తో భాగించి 20 మీటర్లని అరనిమిషంలో పెట్టేస్తారు. ఈఏపీసెట్‌లో ఇలా ఒకే ఫార్ములాతో తేలే ప్రశ్నలు చాలా వస్తాయి. ఇప్పుడు అదే ప్రశ్నను కొంచెం తిప్పుదాం. మొదటి రాయి విసిరిన రెండు సెకన్లకు అదే చోటి నుంచి అదే వేగంతో రెండో రాయిని విసిరారు. రెండూ ఎంత ఎత్తులో కలుస్తాయి? ఆప్షన్లు లేవు, అంకె రాయాలి. దీనికి కొత్త ఫార్ములా ఏదీ అక్కర్లేదు. మొదటి రాయి కాలం టీ అయితే రెండోదాని కాలం టీ మైనస్ రెండని తట్టాలి, రెండు ఎత్తులనూ సమానం చేయాలి, వర్గాలు కొట్టుకుపోయాక టీ మూడు సెకన్లు వస్తుంది, దాన్ని మళ్లీ వెనక్కి పెడితే 15 మీటర్లు. జేఈఈ అడిగే తీరు ఇది.

మొదటి ప్రశ్న అరనిమిషంలో చేసి, రెండోదాని దగ్గర "ఏ ఫార్ములా వాడాలి" అని ఆగిపోయే విద్యార్థి తెలివితక్కువవాడేం కాదు. అతని సాధన అంతవరకే జరిగింది. ఇలాంటివి పదో పన్నెండో ఉంటే సాధనతో దాటొచ్చు. జేఈఈ పేపర్లో సగానికి సగం ఈ కుప్పలోకే వచ్చి, ఈఏపీసెట్ పేపర్లో మాత్రం చకచకా చేసేస్తుంటే, ఈ ఏడాదికి ఈఏపీసెట్‌ను ముఖ్యమైన పరీక్షగా పెట్టుకోవడమే మంచిది. అది చిన్న పరీక్షేం కాదు. విజయనగరం జేఎన్టీయూ గురజాడలోనో, విశాఖ ఏయూ ఇంజినీరింగ్ కాలేజీలోనో సీటు దాంతోనే వస్తుంది. కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా, వస్తే అర్హులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా.

మూడో కుప్ప, తెలిసిన ప్రశ్నల్లోనే చేసిన పొరపాట్లు. మైనస్ గుర్తు మర్చిపోవడం, సెంటీమీటర్లను మీటర్లు అనుకోవడం, "కానిది ఏది" అని అడిగితే అయినదాన్ని పెట్టడం, ఓఎంఆర్‌లో 47వ జవాబును 48 దగ్గర దిద్దడం. ఈ కుప్ప పెద్దదైతే నీట్ రాసేవాళ్లు జాగ్రత్తపడాలి. పెన్నుతో ఒకసారి వృత్తం నింపాక మార్చుకోవడం కుదరదు. జేఈఈ, ఈఏపీసెట్ కంప్యూటర్ మీద కాబట్టి చివరి నిమిషం దాకా జవాబు మార్చుకోవచ్చు. అయితే జేఈఈలో ఇంకో చిక్కుంది. అంకె రాయాల్సిన ప్రశ్నల్లో పొరపాటు చేస్తే పట్టుకోవడానికి ఆప్షన్లుండవు. మీరు వేసిన తప్పు జవాబు నాలుగింట్లోనూ లేదని చూసి మళ్లీ లెక్క చేసుకునే అలవాటున్నవాళ్లకు అక్కడ ఆ ఆసరా దొరకదు.

నాలుగో కుప్ప, టైమ్ చాలక వదిలేసినవి. అసలు విషయం ఎక్కువగా బయటపడేది ఇక్కడే. కొందరు పిల్లల రఫ్ షీట్ చూస్తే ముచ్చటేస్తుంది. బొమ్మ వేసుకుంటారు, యూనిట్లు రాసుకుంటారు, ఒక్క మెట్టు కూడా దాటేయరు. చేసిన ప్రశ్న దాదాపు తప్పు పోదు. కానీ ఈఏపీసెట్ పేపర్లో 160కి 100 దగ్గరే టైమ్ అయిపోతుంది. ఇంట్లోవాళ్లు "ఈఏపీసెట్టే ఇలా ఉంటే ఇక జేఈఈ ఏం రాస్తాడు" అని నీరుగారిపోతారు. అలా అనుకోకండి. ప్రశ్నకు 67 సెకన్లు చాలని పిల్లాడికి దాదాపు రెండున్నర నిమిషాలు సరిగ్గా సరిపోవచ్చు. నెమ్మదిగా, లోతుగా చేసేవాళ్లకు జేఈఈ తీరే ఎక్కువ నప్పుతుంది. అందుకే రెండు పేపర్లూ రాయించమనేది. ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని ఊహించకూడదు. దీనికి తిరగేసిన పిల్లలూ ఉంటారు. షార్ట్‌కట్లు బాగా వచ్చు, చూడగానే ఆప్షన్లలో రెండు కొట్టేయగలరు, వేగం ఎక్కువ, పెద్ద లెక్క దగ్గర మాత్రం ఓపిక ఉండదు. వాళ్లకు ఈఏపీసెట్ బంగారం.

మైనస్ మార్కుల గురించి భయం కాదు, లెక్క కావాలి

ఇప్పుడు చుక్కలు, సున్నాలు పెట్టిన ప్రశ్నలు విడిగా లెక్కపెట్టండి. సరైనదానికి 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత అంటే, అనుమానంతో పెట్టిన ప్రతి ఐదింట్లో ఒకటి సరైతే నాలుగు వచ్చి నాలుగు పోతాయి. లాభమూ లేదు, నష్టమూ లేదు. ఐదింట్లో రెండు సరైతే ఐదు మార్కుల లాభం. ఒక్కటీ రాకపోతే ఐదు మార్కులు చేతినుంచి పోతాయి.

మీ చుక్కల ప్రశ్నల్లో ఎన్ని సరయ్యాయో చూడండి. 30 చుక్కల్లో 12 సరైతే మీ అనుమానానికి విలువుంది, నీట్, జేఈఈల్లో కూడా ధైర్యంగా పెట్టొచ్చు. 30లో నాలుగో ఐదో సరైతే, పేపరు పెట్టినవాళ్లు పన్నిన వలలో మీరు పడుతున్నారని అర్థం. ఏమీ తెలియకుండా కళ్లు మూసుకుని పెట్టినా నాలుగింట్లో ఒకటి తగలాలి. అంతకంటే తక్కువ వస్తోందంటే సగం తెలిసిన విషయమే మిమ్మల్ని తప్పు ఆప్షన్ వైపు లాగుతోంది. అలాంటివాళ్లు నీట్, జేఈఈల్లో చుక్కల్ని వదిలేయడం నేర్చుకోవాలి. నేర్చుకునేదాకా మైనస్ లేని ఈఏపీసెట్‌లోనే వాళ్ల అసలు చదువు కనిపిస్తుంది. ఈఏపీసెట్‌లో అయితే ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకండి. చివరి ఐదు నిమిషాలు మిగిలినవన్నీ నింపడానికే ఉంచుకోండి.

తెలుగు మీడియంలో చదివినవాళ్లకు

జెడ్పీ హైస్కూల్లో తెలుగు మీడియంలో చదివి, ఇంటర్‌లో ఇంగ్లిష్‌కు మారిన పిల్లలు మన దగ్గర చాలామంది. మీ నాలుగు కుప్పల్లో ఎక్కడా ఇమడని తప్పులు కొన్ని కనిపిస్తే, అవి ప్రశ్న అర్థం కాక పోయినవేమో చూడండి. ప్రశ్నను ఎవరైనా తెలుగులో చెప్పగానే జవాబు వచ్చేస్తోందంటే సమస్య భాషలోనే ఉంది.

జేఈఈ మెయిన్, నీట్, సీయూఈటీ (కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ ప్రవేశ పరీక్ష) తెలుగులో రాసుకోవచ్చు. ఈఏపీసెట్‌లో ప్రశ్నలు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఉంటాయి. దరఖాస్తు నింపేటప్పుడే భాష ఎంచుకోవాలి. అయితే తెలుగు అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్నదే చివరి మాట. కాబట్టి రెండూ చూసే అలవాటు చేసుకోండి. త్వరణం, జడత్వం, అవక్షేపం లాంటి పుస్తకం మాటలు ఇంటర్ ఇంగ్లిష్‌లో చదివినవాళ్లకు మళ్లీ కొత్తగా అనిపిస్తాయి. ఏ భాషలో వేగంగా చదవగలరో ఒక పేజీ టైమ్ పెట్టి చూసుకుని అప్పుడు తేల్చుకోండి. ఐఐటీల కోసం రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. ఐఐటీ మీద కన్నున్నవాళ్లు మొదటినుంచీ ఇంగ్లిష్‌లోనే సాధన చేయాలి.

ఇంటర్ మార్కులు ఎక్కడ ఆదుకుంటాయి

కొందరు పిల్లలు రోజూ క్రమంగా చదువుతారు, పబ్లిక్ పరీక్షలో దస్తూరితో సహా మార్కులు దంచుతారు, మూడు గంటల ఆబ్జెక్టివ్ పేపర్లో మాత్రం తడబడతారు. ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం, పరీక్షకు 75 శాతం వెయిటేజీ. కోవిడ్ ఏళ్లలో తీసేసి 2023 నుంచి మళ్లీ తెచ్చారు. మీ ఏడాది నోటిఫికేషన్‌లో మరోసారి చూసుకోండి. గ్రూపులో 95 శాతం వచ్చినవారికీ 80 శాతం వచ్చినవారికీ తేడా 3.75 పాయింట్లు. ఈఏపీసెట్‌లో అది 8 మార్కులతో సమానం. వేలమంది ఒకే మార్కు దగ్గర గుమిగూడే చోట 8 మార్కులంటే ర్యాంకు ఎంతో పైకి జరుగుతుంది. జేఈఈ, నీట్ ర్యాంకుల్లో ఇంటర్ మార్కులు కలవవు.

టెన్త్‌లో ఉన్న తమ్ముడో చెల్లెలో ఇంట్లో ఉంటే ఇదే మాట ఇంకా గట్టిగా పనికొస్తుంది. ఎచ్చెర్ల దగ్గరున్న శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ సహా ఆర్జీయూకేటీ నాలుగు క్యాంపస్‌ల్లో ఆరేళ్ల బీటెక్ సీట్లు టెన్త్ మార్కుల మెరిట్‌తో ఇస్తున్నారు, ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు అదనపు వెసులుబాటు కూడా ఉంది. పాలిటెక్నిక్ డిప్లొమాలో చేరడానికి రాసే పాలీసెట్ కూడా ఆలోచించదగ్గదే. 120 ప్రశ్నలు, రెండు గంటలు, టెన్త్ సిలబస్సే, మైనస్ లేదు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరిపోవచ్చు.

బైపీసీ ఇళ్లలో జరిగే అసలు పోరాటం

నీట్ అంటే బయాలజీ పరీక్ష అని చాలామంది నమ్మకం. సగం మార్కులు బయాలజీవే, నిజమే. కానీ బయాలజీ అందరూ బాగానే చేస్తారు. సీటు వచ్చేవాళ్లనీ ఆగిపోయేవాళ్లనీ వేరు చేసేది చాలావరకు ఫిజిక్స్. మీ పేపర్లో బయాలజీ 90 ప్రశ్నలు 45 నుంచి 50 నిమిషాల్లో అయ్యాయా చూడండి. అయితే ఫిజిక్స్‌కు గంట మిగులుతుంది. బయాలజీకే గంటన్నర పట్టిందంటే చదివింది చూడగానే గుర్తుకు రావడం లేదన్నమాట. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాన్ని వాక్యం వాక్యం మళ్లీ చదవాల్సిందే.

ఫిజిక్స్ 45లో పది దాటకుండా, మిగతావి రెండో కుప్పలో పేరుకుంటున్న పిల్లలకు నేను సూటిగా చెబుతాను: నీట్ రాయండి, కానీ ఈఏపీసెట్‌ను చిన్నచూపు చూడకండి. దాంతో వచ్చే బీఎస్సీ అగ్రికల్చర్ గౌరవమైన చదువు. మన ఆమదాలవలస దగ్గర నైరలోనే వ్యవసాయ కళాశాల ఉంది, వ్యవసాయ కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది. నాన్న వరి, మొక్కజొన్న వేస్తున్న ఇంట్లో పిల్లకు ఆ చదువులో సగం పదాలు ముందే తెలుసు. ఫార్మసీ కూడా దీనితోనే. వెటర్నరీ మీద మనసుంటే మాత్రం నీట్ ర్యాంకు కావాలి. గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది కదా అని ఈఏపీసెట్ రాసి ఊరుకుంటే కుదరదు.

లాంగ్ టర్మ్ గురించి, అంటే ఇంటర్ అయ్యాక మళ్లీ ఏడాదిపాటు నీట్ కోచింగ్ గురించి, కూడా ఇదే కాగితం చూసి మాట్లాడండి. తప్పులు ఒకటో కుప్పలో, నాలుగో కుప్పలో ఎక్కువుంటే ఏడాది సాధనతో మార్కులు పెరుగుతాయి. ఏడాదంతా చదివినా రెండో కుప్ప అలాగే నిలిచి ఉంటే, అదే కోచింగ్ మళ్లీ తీసుకున్నంత మాత్రాన అది కదలదు. అప్పుచేసి రెండోసారి, మూడోసారి లాంగ్ టర్మ్‌కు పంపే ముందు అమ్మానాన్నలు దయచేసి ఈ ఒక్క విషయం చూడండి. ఆ ఏడాది పిల్లల వయసులోంచి పోతుంది.

ఇవేవీ నప్పడం లేదనిపిస్తే

మ్యాథ్స్, బయాలజీ రెండూ ఇష్టమై, పరిశోధన వైపు మనసున్నవాళ్లకు ఐసర్ (కేంద్రం నడిపే సైన్స్ విద్యా పరిశోధన సంస్థలు) ప్రవేశ పరీక్ష ఉంది. నాలుగు సబ్జెక్టులకూ తలా 15, మొత్తం 60 ప్రశ్నలు, మూడు గంటలు. తిరుపతిలోనే ఒక ఐసర్ ఉంది. చదవడం, రాయడం, చరిత్ర, ఎకనామిక్స్ బలమైనవాళ్లకు సీయూఈటీ. ఇందులో సబ్జెక్టులు మనమే ఎంచుకుంటాం, విజయనగరంలో ఉన్న కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం నుంచి ఢిల్లీ యూనివర్సిటీ దాకా దాంతో వెళ్లొచ్చు. సైన్యం అంటే ప్రాణం పెట్టే ఊళ్లు మనవి. కోరుకొండ సైనిక్ స్కూల్ పిల్లలే రాసే పరీక్ష ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) అనుకోకండి, ఇంటర్ సెకండియర్ చదువుతున్న మిగతా పిల్లలూ రాయొచ్చు, అర్హత నిబంధనలు మాత్రం నోటిఫికేషన్‌లో చూసుకోండి. మ్యాథ్స్‌కు 300, జనరల్ ఎబిలిటీకి 600 మార్కులు. అందులో ఇంగ్లిష్‌కే 200, కాబట్టి ఇంగ్లిష్ బాగా వచ్చి, లెక్కలు ఓ మోస్తరుగా చేసేవాళ్లకు ఇది నప్పుతుంది.

తేల్చుకున్నాక

ఒక పరీక్షను ముఖ్యమైనదిగా, ఇంకొకదాన్ని తోడుగా పెట్టుకోండి. మూడోది వద్దు. ముఖ్యం జేఈఈ అయితే ఈఏపీసెట్‌కు విడిగా పాఠాలు అక్కర్లేదు, ఏప్రిల్ సెషన్ అయ్యాక వేగం కోసం రోజుకొక పాత పేపరు చాలు. ముఖ్యం ఈఏపీసెట్ అయితే జేఈఈ కోసం ఒక్కో పాఠంలో కష్టమైన లెక్కలు వెతుక్కుంటూ కూర్చోవద్దు. ఫిబ్రవరి చివర నుంచి మార్చి దాకా ఇంటర్ పబ్లిక్ పరీక్షలే. ఆ రోజుల్లో రెండింటినీ పక్కన పెట్టేయండి, 25 శాతం అక్కడే ఉంది. జేఈఈకి జనవరి, ఏప్రిల్ రెండు సెషన్లుంటాయి, రెండింట్లో మెరుగైన స్కోరే తీసుకుంటారు. కాబట్టి సిలబస్ పూర్తి కాలేదని జనవరిని వదులుకోకండి. దసరా సెలవుల్లో మరో రెండు పేపర్లు ఇలాగే రాసి కుప్పలు మళ్లీ లెక్కపెట్టండి. రెండో కుప్ప సగానికి తగ్గితే ముఖ్యాన్నీ తోడునూ అటూ ఇటూ మార్చుకోవచ్చు.

దరఖాస్తులో సెంటర్ ఎంపిక అడిగినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం ముందు పెట్టి తర్వాత విశాఖ పెట్టండి. సోంపేట, ఇచ్ఛాపురం, కవిటి వైపు వాళ్లకు శ్రీకాకుళమే దూరం. పొద్దున్న షిఫ్టు పడితే ముందురోజు సాయంత్రానికే ఊరు చేరుకోండి. రైల్లో వచ్చేవాళ్లు శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉందని, అక్కడినుంచి మళ్లీ బస్సో ఆటోనో ఎక్కాలని లెక్కలో పెట్టుకోండి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు కౌన్సెలింగ్ నాటికి సిద్ధంగా ఉండాలి. హైస్కూల్లో స్టడీ సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి వేసవి సెలవులు రాకముందే వెళ్లండి.